పాత పులస పొలుసుల నుంచి డీఎన్‌ఏ: నాకు పనిచేసిన పద్ధతి

చేప వయసు లెక్కకని కాగితం కవర్లలో దాచిన పాత పొలుసులు. పీసీఆర్ (డీఎన్‌ఏ ముక్కకు లెక్కలేనన్ని నకళ్లు తీసే పద్ధతి) చేస్తే జెల్ మీద బ్యాండే లేదు, అంటే నకళ్లు వచ్చాయని చూపే గీతే లేదు. టెంప్లేట్ (నకలు తీయాల్సిన డీఎన్‌ఏ) పెంచడం, సైకిళ్లు పెంచడం, కిట్ మార్చడం, ఏదీ లాభం లేకపోయింది.

పొలుసుకు అంటుకున్న ఎండు చర్మపు పొరను గీకేయొద్దు, డీఎన్‌ఏ ఎక్కువగా దొరికేది అక్కడే. టీఈ బఫర్‌లో (డీఎన్‌ఏను చెడకుండా ఉంచే ద్రావణం) నానబెట్టి, మెత్తబడ్డాక సన్నగా కత్తిరించా. ప్రొటీన్లను కరిగించే ఎంజైమ్ ప్రొటీనేజ్ కె వేసి 56 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచా. పొద్దున ఇంకాస్త ఎంజైమ్ కలిపి, ఆ పొర పూర్తిగా కరిగేదాకా ఆగా. చివర్లో డీఎన్‌ఏను బయటికి తీసే ద్రావణం, అంటే ఎల్యూషన్ బఫర్, తక్కువే పోశా. 600 బేస్‌ల ముక్క కోసం పాకులాడకుండా 150 లోపు వచ్చే మైటోకాండ్రియా ప్రైమర్లు (ఏ ముక్కకు నకలు తీయాలో చూపే చిన్న డీఎన్‌ఏ తునకలు) వాడి, పీసీఆర్‌లో కొంచెం బీఎస్‌ఏ (పీసీఆర్‌ను అడ్డుకునే మలినాలను పట్టేసే ప్రొటీన్) కలిపా. బ్యాండ్ వచ్చింది! పక్క బెంచీ మీద తాజా చేప కోస్తుంటే మాత్రం ఆ బ్యాండ్‌ను నమ్మొద్దు, అది ఆ చేప డీఎన్‌ఏ కావచ్చు. ఖాళీ కంట్రోల్ (పొలుసు వేయకుండా అవే దశలు నడిపిన గొట్టం) తప్పనిసరి.

మైక్రోశాటిలైట్లలో (చిన్న వరుస మళ్లీ మళ్లీ వచ్చే డీఎన్‌ఏ చోట్లు) ఒక అల్లీల్, అంటే తల్లిదండ్రుల నుంచి వచ్చే రెండు రూపాల్లో ఒకటి, రాలిపోతూనే ఉంటుంది, రిపీట్ చేయక తప్పదు. ఫార్మలిన్ సీసాల్లోని చేపలకు ఇది పనికొస్తుందని మాత్రం చెప్పను.