ఆర్కెస్ట్రా కండక్టింగ్ నేర్చుకోవడం ఎలా? చేయి ముందు, పాట తర్వాత

విజయవాడలో ఆర్కెస్ట్రా అనగానే దసరా పందిట్లో సినిమా పాటలు పాడే బృందమే గుర్తొస్తుంది. అక్కడ డ్రమ్మర్ కర్రలు నాలుగుసార్లు టకటకమనిపిస్తాడు, పాట అందుకుంటారు. అరవై డెబ్బై మంది కూర్చునే సింఫనీ ఆర్కెస్ట్రాలో ఆ చప్పుడు ఉండదు. అందరినీ చేతి సైగతో నడిపించే కండక్టర్ చేయి లేస్తుంది, అంతే. ఆ చేతిని తయారు చేసుకోవడం మన ఊళ్లోనే మొదలుపెట్టొచ్చు. నేను గుంటూరులో ఒక చర్చిలో కలిసి పాడే బృందం, అంటే క్వయర్‌తో మొదలుపెట్టాను.

ముందుగా ఒక అలవాటు మార్చుకోవాలి

కర్ణాటక సంగీతం కాస్త నేర్చుకున్నవాళ్లకి లెక్క ఒంటబట్టి ఉంటుంది. ఆది తాళం 8 అక్షరాలూ నిద్రలో లేపినా తప్పకుండా వేస్తారు. ఇది పెద్ద ఆస్తి. కానీ తాళం వేసే చేయి పాటతో కలిసి నడుస్తుంది. కండక్టర్ చేయి పాటకంటే ముందు నడవాలి. తర్వాతి దెబ్బ ఎప్పుడు, ఎంత గట్టిగా పడాలో అది పడకముందే చెప్పాలి.

మొదటి ప్రాక్టీసులో నాకిది తెలియదు. చేయి పైన ఆపి ఉంచి, ఒక్కసారిగా కిందికి దించాను. ముందు వరసలో ఇద్దరు అక్కలు అందుకున్నారు. టెనర్లు (మగవాళ్లలో పై గొంతు పాడేవాళ్లు) అర దెబ్బ వెనక వచ్చారు. బాస్ (మగవాళ్లలో కింది గొంతు) పాడేవాళ్లు అసలు నోరే తెరవలేదు. కీబోర్డు దగ్గరున్న పెద్దాయన మెల్లగా అన్నారు: "మాకు ఊపిరి తీసుకునే టైమ్ ఇవ్వాలి కదమ్మా."

ఆయన అడిగినదాన్నే ప్రిపరేటరీ బీట్ అంటారు. పాట నాలుగో దెబ్బ తర్వాత మొదలవుతుందనుకోండి. ఆ నాలుగో దెబ్బ మీద చేయి పైకి లేవాలి, దాంతోపాటు మీరూ ఊపిరి తీసుకోవాలి. ఎదుటివాళ్లు తెలియకుండానే మీతో పాటు పీలుస్తారు. చేయి లేచే వేగమే పాట వేగం. మృదువుగా మొదలవ్వాలంటే కొద్దిగా లేపండి, గట్టిగా అంటే పెద్దగా లేపండి. ఫోన్‌లో లయ కొట్టే మెట్రోనోమ్ నిమిషానికి 60 దెబ్బలకి పెట్టుకుని, వారం రోజులు ఇదొక్కటే చేయండి. విసుగొస్తుంది, అయినా వదలొద్దు.

తర్వాత బీట్ ఆకారాలు

అద్దం ముందు నిలబడండి. కుడి చేయి నడుముకీ ఛాతీకీ మధ్య ఆడాలి. నాలుగు దెబ్బలకి కిందికి, ఎడమకి, కుడికి, పైకి. మూడుకి కిందికి, కుడికి, పైకి. రెండుకి కిందికి, పైకి. ఆకారం ఒక పూటలో వచ్చేస్తుంది. కష్టమంతా దెబ్బ తగిలే చోటులో ఉంది. దోశ పెనం కాలిందో లేదో చూడటానికి వేలు తాకించి చటుక్కున తీస్తామే, ప్రతి దెబ్బా అలా తగిలి లేవాలి. గుండ్రంగా గాల్లో తిప్పుతుంటే దెబ్బ ఎక్కడుందో ఎవరికీ కనబడదు.

కండక్టర్ చేతిలో పట్టుకునే పుల్ల, అంటే బ్యాటన్, వెంటనే కొనక్కర్లేదు. కొబ్బరి ఈనెను 14 అంగుళాలకు కత్తిరించి, ఒక చివర సీసా బిరడా గుచ్చితే చాలు.

ఎడమ చేయి కుడిచేతిని అచ్చుగుద్దినట్టు అనుకరించకూడదు. పెంచడం, తగ్గించడం, ఫలానా వాళ్లు ఇప్పుడు రావాలని పిలవడం, ఇవీ దాని పనులు.

స్కోర్ చదవడం

మోజార్ట్ 1787లో రాసిన 'ఐనె క్లైనె నాఖ్ట్‌మ్యూజిక్' మొదటి భాగంతో మొదలుపెట్టండి. స్కోర్ అంటే ఒక్కో వాయిద్యం వాయించేది ఒక్కో వరసలో, అన్నీ ఒకదాని కింద ఒకటి రాసిన పుస్తకం. ఇందులో తీగ వాయిద్యాలు మాత్రమే ఉంటాయి కాబట్టి వరసలు తక్కువ. స్కోర్ ఐఎంఎస్‌ఎల్‌పీ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. మొదటి నాలుగు బార్లలో (నిలువు గీతల మధ్య ఉండే దెబ్బల గడులు) అందరిదీ ఒకటే బాణీ, ఆ తర్వాత విడిపోతారు. వయొలిన్ కంటే కాస్త పెద్దదైన వియోలా వరస, స్వరాల చోట్లు వేరుగా చూపే గుర్తయిన ఆల్టో క్లెఫ్‌లో ఉంటుంది, మొదట్లో తికమకగా ఉంటుంది. ఒక్కో వరసా విడిగా పాడండి, పాడుతూనే బీట్ వేయండి. ఎవరు ఎక్కడ మొదలవుతారో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి.

యూట్యూబ్ పెట్టుకుని దానికి చేయి ఊపడం మాత్రం నేర్చుకోవడం కాదు. రికార్డింగ్ మన చేతిని చూడదు, మనమే దాని వెనక పడతాం. వీడియో చూస్తే పాట మొదలయ్యే ముందు సెకను చూడండి. పేరున్న కండక్టర్ జుబిన్ మెహతా చేయి ఎలా లేస్తుందో పదిసార్లు వెనక్కి తిప్పి చూసినా తక్కువే. వీలైతే ముంబైలో 2006లో ఏర్పడిన సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా కచేరీకి ఒక్కసారైనా వెళ్లండి.

మనుషుల ముందు నిలబడటం

గుంటూరు, విజయవాడ చర్చిల్లో నాలుగు గొంతులతో పాడే క్వయర్లు ఉన్నాయి. ఆడవాళ్ల పై గొంతు సొప్రానో, కింది గొంతు ఆల్టో, ఆ తర్వాత టెనర్, బాస్. క్రిస్మస్ ప్రాక్టీసులప్పుడు వెళ్లి, ఒక్క పాటకి బీట్ వేయనివ్వమని అడగండి. మొదటిరోజు టెన్షన్ ఉంటుంది. ఎక్కువ మాట్లాడొద్దు. ఆపినప్పుడు ముందు బార్ నంబర్, తర్వాత ఎవరు, ఆ తర్వాత ఏం కావాలో చెప్పండి: "పన్నెండో బార్, ఆల్టో అక్కలూ, కొంచెం మెల్లగా." మీకంటే పెద్దవాళ్లే ఎక్కువమంది ఉంటారు. తప్పు పాడినవాళ్లని పేరు పెట్టి ఎత్తిచూపకండి, ఆ వరస మొత్తాన్నీ మళ్లీ పాడమనండి.

ఆపడానికీ ప్రిపరేషన్ కావాలి. 'ఆమేన్' చివర 'న్' మాకు నెల రోజులు చిల్లర గలగలలాడినట్టు ఒక్కొక్కరిదీ ఒక్కోచోట పడేది. వేళ్లు మూసేముందు చిన్న సున్నా చుట్టినట్టు చేయి లేపడం మొదలెట్టాక, పద్దెనిమిది మంది 'న్' ఒక్కచోట పడింది. హాల్లో ఫ్యాన్ల చప్పుడు వినబడింది.