ఆదివారం పఠనాలు: ముందు సువార్త చదవండి

కతోలిక గుడిలో ఆదివారం పూజకి చదివే బైబిలు పఠనాలు శనివారం రాత్రే చదివే అలవాటుంటే వరస మార్చి చూడండి, ముందు సువార్త, ఆ తర్వాతే మొదటి పఠనం. సామాన్య ఆదివారాల్లో (పండుగ కాలాలు కానివి) మొదటి పఠనాన్ని ఆ రోజు సువార్తకు జతగానే ఎంచి పెడతారు కాబట్టి ముడి ఎక్కడుందో ఇట్టే దొరుకుతుంది.

సి సంవత్సరం (మూడేళ్ల పఠనాల చక్రంలో మూడో ఏడు) 13వ సామాన్య ఆదివారమే తీసుకోండి. లూకా 9లో యేసు వెంట వస్తానన్న ఒకతను ముందు ఇంట్లోవాళ్లకి చెప్పి వస్తానంటే, నాగలి మీద చెయ్యి వేసి వెనక్కి చూసేవాడు దేవుని రాజ్యానికి పనికిరాడంటాడు యేసు. ఇప్పుడు 1 రాజులు 19 తెరిస్తే, 12 జతల ఎడ్లతో పొలం దున్నుతున్న చోట, ఏలీయా ప్రవక్త తన వెంటకి పిలిచిన ఎలీషా కూడా అమ్మానాన్నలకి ముద్దుపెట్టి వస్తానని అడుగుతాడు, ఏలీయా వెళ్లమంటాడు, ఇతనేమో తన జత ఎడ్లని కోసి, అరక కట్టెలతోనే వండి, జనానికి పెట్టి మరీ బయల్దేరతాడు. అక్కడ దొరికిన అనుమతి ఇక్కడెందుకు దొరకలేదు? ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని గుడికెళ్తే ప్రసంగంలో నిద్ర రాదు (చాలావరకు).

రెండో పఠనాన్ని మాత్రం బలవంతంగా కలపకండి. ఈ సామాన్య ఆదివారాల్లో అపొస్తలుల లేఖలు వారం వారం వరసగా నడుస్తాయి, దాని దారి దానిదే. తపస్సు కాలం (ఈస్టర్‌కి ముందు), పాస్కా కాలాల్లో (ఈస్టర్ నుంచి) లెక్క వేరు.