చిన్న విమానం రెక్కలో పెట్రోలు కారుతుంటే: మరక నుంచి చిల్లు దాకా

రెక్క కింద నీలం మరక (విమాన పెట్రోలు రంగు అదే) కనబడగానే సందులు మూసే బంక, అంటే సీలెంట్ ట్యూబు కోసం పరుగెత్తకండి. పెంకుటింట్లో చుక్క పడినచోటే పెంకు పగిలి ఉండదు. పైన ఎక్కడో పగులుతుంది, నీళ్లు వాసం వెంట జారి ఇంకోచోట పడతాయి. విమానం రెక్కలోనూ అంతే. లోపల ఒక రివెట్టు (రేకుల్ని కలిపే మేకు) దగ్గర సీలు ఊడితే ఇంధనం రెండు రేకుల సందులో పాకి, రెండడుగుల అవతల ఇంకో రివెట్టు తల పక్కన బయటపడుతుంది. బయట ఎంత పూసినా నెల తిరిగేసరికి ఆ పక్కన మళ్లీ మొదలవుతుంది.

చంద్రపూర్, బల్లార్షా వైపు హ్యాంగర్లలో దీన్ని మరాఠీలో 'గళతి' అంటారు, మనవాళ్లు 'లీకేజీ' అంటారు. పేరేదైనా, ఈ ప్రాంతంలో దీనికి రెండు ప్రత్యేక చిక్కులున్నాయి: మే నెలలో 45 డిగ్రీలు దాటే ఎండ, ఆ వెంటనే జూన్‌లో మొదలయ్యే వాన. రెండూ సీలెంట్‌తో ఆడుకుంటాయి.

ఇంకో మాట. మన దేశంలో ఈ పని పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ లైసెన్సు ఉన్న ఇంజినీరు చేయాలి, లేదా ఆయన పర్యవేక్షణలో జరగాలి. విమానం మళ్లీ ఎగరొచ్చని పెట్టే విడుదల సంతకం ఆయనదే. యజమాని చేయగలిగింది లక్షణాన్ని సరిగ్గా గమనించి, రాసిపెట్టి చెప్పడం. అందులోనే సగం పని అయిపోతుంది.

ముందు ఇది లీకేనా?

లక్షణం: పొద్దున ట్యాంకు నిండుగా పోసి ఎండలో నిలిపారు. మధ్యాహ్నానికి నేల మీద చుక్కలు.

కారణం: చాలాసార్లు ఇది లీకు కాదు, పొంగు. పెట్రోలు వేడికి ఉబ్బుతుంది. వంద లీటర్లకు ప్రతి 10 డిగ్రీలకు దాదాపు ఒక లీటరు లెక్క. సెస్నా 172ఎస్‌లో ఒక్కో రెక్కకు సుమారు 106 లీటర్లు పడుతుంది. పొద్దున 27 డిగ్రీల దగ్గర మూతి దాకా పోసి, రెక్క 45కు చేరితే పద్దెనిమిది డిగ్రీల తేడా. అంటే రెండు లీటర్లకు దగ్గరగా ట్యాంకులోకి గాలి ఆడే వెంట్ గొట్టం నుంచి బయటికొస్తుంది. ఆ గొట్టం ఎడమ రెక్క కింద స్ట్రట్ (రెక్కను మోసే కడ్డీ) వెనక ఉంటుంది కాబట్టి మరక ఎప్పుడూ అక్కడే.

పరిష్కారం: ఎండలో నిలపాల్సి వస్తే నిండా పోయకండి. నేల ఒక పక్కకు వాలుగా ఉంటే ఎత్తు వైపు ట్యాంకులోది పల్లానికి దిగి అక్కడి నుంచి పొంగుతుంది. అప్పుడు ఏ ట్యాంకు నుంచి ఇంధనం రావాలో ఎంచే సెలెక్టర్‌ను 'రెండూ' మీద కాకుండా ఒక వైపుకు తిప్పి ఉంచండి. అయినా చుక్కలు ఆగకపోతే వెంట్ వాల్వు చూడాలి.

డ్రైన్ దగ్గర ఒక్కొక్క చుక్క

ట్యాంకు అడుగున ఉండే సంప్ డ్రైన్ నుంచి ఇంధనం నమూనా తీశాక కారడం ఆగకపోతే, ఓ-రింగు (సీలు చేసే రబ్బరు వలయం) కింద ఇసుక రేణువు ఇరుక్కుని ఉంటుంది. నాలుగైదుసార్లు తెరిచి మూసి, ఇంధనాన్ని జోరుగా వదలండి. చాలాసార్లు కొట్టుకుపోతుంది. ఆగకపోతే ట్యాంకు ఖాళీ చేయించి ఓ-రింగు మార్పించాలి. పాత ఓ-రింగు గట్టిపడి, నొక్కితే గోరు దిగకుండా ఉంటే దాని వయసు అయిపోయినట్టే. మర మీద టెఫ్లాన్ టేపు చుట్టొద్దు. దాని పోగులు తెగి ఫిల్టరు జాలీలో పడతాయి.

ట్యాంకు నిండినప్పుడే కారుతుంది, సగానికి తగ్గితే ఆగుతుంది

ఈ ఒక్క లక్షణం చాలా చెబుతుంది. అంటే చిల్లు పైభాగంలో ఉంది. అనుమానించాల్సినవి వరసగా: గేజీకి ఇంధన మట్టం పంపే ఫ్లోటు గాస్కెట్ (దాని కింద పెట్టే సీలు), పైన ఉన్న తనిఖీ పలక, ఇంధనం పోసే మూత కింది సీలు. రెక్క మొదట్లో, క్యాబిన్ గోడ దగ్గర పెట్రోలు వాసన వస్తే ముందు ఫ్లోటు గాస్కెట్ చూడండి. స్క్రూలు బిగిస్తే ఆగుతుందని తెగ బిగించడం పెద్ద తప్పు. గాస్కెట్ నలిగి ఇంకా లీకవుతుంది, మర తెగుతుంది. గాస్కెట్ మార్చి, మాన్యువల్ చెప్పిన బిగింపు బలానికే, అంటే ఆ టార్క్‌కే బిగించాలి.

మూత వెనక నుంచి రెక్క అంచు దాకా నీలం చార కనబడితే కారణం వేరు. ఎగిరేటప్పుడు రెక్క పైన గాలి పీల్పు ఉంటుంది, వదులైన మూత లోంచి అది ఇంధనాన్ని లాగేస్తుంది. అదే మూత వానాకాలంలో నీళ్లను లోపలికి పంపిస్తుంది. దీనికి ఆలస్యం వద్దు.

రబ్బరు సంచి ట్యాంకులు

పాత సెస్నా 182ల్లాంటివాటికి రెక్క లోపల రబ్బరు బ్లాడర్ ఉంటుంది. అది ఎండితే ముడుచుకుని పగుళ్లిస్తుంది. విమానాన్ని నెలల తరబడి ఖాళీ ట్యాంకుతో నిలిపితే జరిగేది ఇదే. నిలపక తప్పకపోతే లోపల పల్చని ఇంజిన్ నూనె పూత వేయించాలి. గొట్టం తగిలే చోట క్లాంపును అతిగా బిగించినా రబ్బరు తెగుతుంది. సంచి పై భాగాన్ని పట్టి ఉంచే బటన్లు ఊడితే సంచి కిందికి జారి ముడతలు పడుతుంది, ముడతల్లో నీళ్లు నిలుస్తాయి, గేజీ తప్పు చూపిస్తుంది. సంచి మీద లోహపు ట్యాంకుల సీలెంట్ పూయడం దండగ. దాన్ని విప్పి వల్కనైజింగ్ తెలిసిన షాపుకు పంపాలి, లేదంటే కొత్తది వేయించాలి.

రెక్కే ట్యాంకైనప్పుడు రివెట్ల దగ్గర ఊట

అసలు పని ఇది. 172ఆర్, 172ఎస్, మూనీ లాంటివాటిలో రెక్క రేకులే ట్యాంకు గోడలు. రేకులు కలిసే కీళ్లన్నీ రబ్బరులా గట్టిపడే పాలీసల్ఫైడ్ సీలెంట్‌తో మూసి ఉంటాయి.

మొదట తీవ్రత కొలవండి. మరకను గుడ్డతో శుభ్రంగా తుడిచి, ఆరాక టాల్కం పౌడరు పల్చగా చల్లి, అరగంట వదిలేయండి. తడిసిన మచ్చ 19 మిల్లీమీటర్ల లోపైతే 'మరక', 38 లోపైతే 'ఊట', దానికి మించితే 'భారీ ఊట', జారి చుక్క పడితే 'పారే లీకు'. ఇవి సుమారు హద్దులు. మీ విమానం మాన్యువల్‌దే చివరి మాట. బయట గాలి ఆడే చోట చిన్న మరకకు తేదీ వేసి గమనిస్తే సరిపోతుంది. మూసి ఉన్న చోట, వైర్ల పక్కన, క్యాబిన్‌లో అయితే ఎంత చిన్నదైనా సరిచేశాకే ఎగరాలి.

చిల్లు పట్టడానికి గాలి వాడతారు, కానీ ఒత్తిడి అర పీఎస్‌ఐ దాటకూడదు. అంటే సుమారు 35 సెంటీమీటర్ల నీటి ఎత్తు. పారదర్శకపు గొట్టాన్ని 'యు' ఆకారంలో వంచి నీళ్లు పోసి జోడిస్తే రెండు మట్టాల తేడా కంటికి కనబడుతుంది. కంప్రెసర్ గొట్టాన్ని నేరుగా పెట్టేస్తే రెక్క రేకు ఉబ్బిపోతుంది, ఆ నష్టం లీకు కన్నా వందరెట్లు. వెంట్లు మూసి, బయట సబ్బునీళ్లు పూస్తే బుడగలు వస్తాయి. కానీ అది బయటి చివర మాత్రమే. లోపలి మొదలు దొరకాలంటే ట్యాంకు ఖాళీ చేసి, తనిఖీ పలక తీసి, లోపల సబ్బునీళ్లు పూసి, బయటి రంధ్రం దగ్గర మెల్లగా గాలి ఊదాలి. బుడగ లేచిన చోటే చిల్లు.

ఇక్కడ నిప్పు భయం నిజమైనది. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, నేల మీద పాకుతుంది. విమానాన్ని, డబ్బాను, భూమిని తీగతో కలపాలి, ప్లాస్టిక్ బకెట్ వాడకూడదు. మండే హద్దులో పదో వంతుకు ఆవిరి తగ్గిందని మీటరు చూపించాకే చేయి లోపలికి పెట్టాలి. విమాన పెట్రోలైన 100ఎల్ఎల్‌లో సీసం ఉంది, చేతి తొడుగులు తప్పనిసరి.

ఆ చుట్టుపక్కల వదులైన సీలెంట్‌ను ప్లాస్టిక్ గీకుడు పలకతో తీయాలి. ఉక్కు కత్తి అల్యూమినియం మీది రక్షణ పొరను గీస్తుంది, ఆ గీతలోంచే తుప్పు మొదలవుతుంది. గట్టిగా పట్టుకుని ఉన్న పాత సీలెంట్ అంచును వాలుగా కోయాలి. ద్రావకంతో తుడిచి, అది ఆరకముందే పొడి గుడ్డతో మళ్లీ తుడవాలి. గాలికే ఆరనిస్తే కరిగిన జిడ్డంతా మళ్లీ అక్కడే పరుచుకుంటుంది. పాతదాని మీద కొత్తది పట్టడానికి పీఆర్-148 లాంటి అతుకు ద్రావణం పల్చగా పూస్తారు.

ఇప్పుడు కలపడం. సీలెంట్ తెల్లది, నల్లది అని రెండు భాగాలుగా వస్తుంది, రెండూ కలిపాకే గట్టిపడుతుంది. సీలెంట్ డబ్బా మీద 'బీ-2' అంటే 25 డిగ్రీల దగ్గర పనికొచ్చే సమయం రెండు గంటలు. ప్రతి అయిదున్నర డిగ్రీలకు అది సగమవుతుంది. 36 డిగ్రీల దగ్గర అరగంట, 44 దగ్గర పది పన్నెండు నిమిషాలే. మే మధ్యాహ్నం కలిపితే గరిటె తీసేసరికి బంక. తెల్లవారి అయిదు గంటలకు నీడలో చేయండి, రెక్క రేకును చేత్తో తాకి చూడండి. ఒక్కసారికి 30 నుంచి 50 గ్రాములకు మించి కలపొద్దు. బంగారం తూచే కాటా దీనికి బాగా పనికొస్తుంది. తెల్ల భాగం వందకు నల్లది పది అన్నది చాలా రకాలకు వర్తిస్తుంది, అయినా డబ్బా మీద ఉన్నదే పాటించాలి. గాలి బుడగలు చేరకుండా మెల్లగా కలిపి, ఒక చెంచాడు గాజు పలక మీద పల్చగా పరిచి వెలుతురుకు పట్టండి. తెల్ల గీత గానీ నల్ల గీత గానీ కనబడితే ఇంకా కలవలేదు. మే నెలలో నాగ్‌పూర్ నుంచి లారీలో ఉడుకుతూ వచ్చిన డబ్బాకు గడువు తేదీ ఒక్కటే చూస్తే చాలదు, కొంచెం కలిపి ఆరుతుందో లేదో ముందే పరీక్షించాలి.

కీలు వెంట ఉన్న సందు, రివెట్టు తల రెండూ మునిగేలా నొక్కుతూ పూయాలి. పైపైన రాసింది ఆరినాక ఊడుతుంది. అదే కలిపిన దాంట్లోంచి కొంచెం ఒక రేకు ముక్క మీద పూసి పక్కన పెట్టండి. ఆరిందా అని రెక్కను కాదు, ఆ ముక్కను గోటితో నొక్కి చూడాలి. 25 డిగ్రీల దగ్గర పూర్తిగా గట్టిపడడానికి మూడు రోజుల వరకు పట్టవచ్చు. మే గాలి మరీ పొడిగా ఉన్నప్పుడు వేడి ఉన్నా ఆలస్యం కావచ్చు.

సీలెంట్ ఉబ్బి మెత్తబడితే

బంకు పెట్రోలు పోసి ఉంటారు. ఇప్పుడు దాంట్లో 20 శాతం ఇథనాల్ ఉంటోంది. పాత సీలెంట్‌ను, ఓ-రింగులను అది తినేస్తుంది. అక్కడక్కడా అతుకులు వేయడం వృథా, మొత్తం గీకి మళ్లీ వేయాలి. లోపల ద్రవం పోసి తిప్పే స్లాషింగ్ పూత జోలికి పోకండి. పెచ్చులుగా ఊడి ఇంధన జాలీని మూసేస్తుంది.

పని అయ్యాక పలక బిగించి, కొంచెం ఇంధనం పోసి గేజీ చూడండి, తర్వాత నిండా పోసి రాత్రంతా నీడలో ఉంచండి. పౌడరు చల్లిన చోట పొద్దున తడి లేకపోతే, ఎక్కడ చిల్లు దొరికిందో ఏ రివెట్టు దగ్గరో లాగ్‌బుక్‌లో బొమ్మ గీసి రాయించండి.