గుండ్రటి అక్షరాలతో షాపు బోర్డు మనమే డిజైన్ చేసుకోవడం ఎలా?

మా బావ విశాఖ ఎంవీపీ కాలనీలో టిఫిన్ షాపు పెడుతూ బోర్డు పని నాకు అంటగట్టాడు, "ముద్దుగా గుండ్రంగా ఉండాలిరా" అని ఒక్క మాట చెప్పి. ఆ పనిలో నేర్చుకున్నది ఇది.

ముందు ఫాంట్. మనకు కావాల్సింది సున్నాను కంపాస్‌తో తిప్పినట్టు, గీత మందం దాదాపు అంతటా ఒకేలా, చివర్లు స్కెచ్ పెన్నుతో ఆపినట్టు మొద్దుగా ఉండే రకం. 1970ల చివర్లో ఫోక్స్‌వ్యాగన్ కోసం చేసిన వ్యాగ్ రౌండెడ్ ఈ జాతిదే, ఆపిల్ కీబోర్డుల మీద చాలా ఏళ్లు కనిపించింది కూడా. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికేవి క్విక్‌శాండ్, నునిటో, వరేలా రౌండ్. వీటిలో తెలుగు లేదు. తెలుగుకు అక్కడే ఉన్న 'బాలూ తమ్ముడు' అనే ఫాంట్ తీసుకోండి, అచ్చంగా కంపాస్ గీత కాకపోయినా మూలలు గుండ్రమే, ఇంగ్లీషు అక్షరాలూ అందులోనే ఉన్నాయి కాబట్టి రెండూ అన్నదమ్ముల్లా కుదురుతాయి.

తర్వాత ఇంక్‌స్కేప్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్ (ఇదీ ఉచితమే) తెరిచి పేరు టైప్ చేయండి. బోల్డ్ చూడగానే ఆశ పుడుతుంది, ఆగండి. మందం పెరిగేకొద్దీ అక్షరం లోపలి ఖాళీ పూడుకుపోతుంది: 'ధ' కింద గీత కలిసిపోయి 'ద' అవుతుంది, 'ప' పైన సందు మూసుకుపోయి పెసరట్టు దూరం నుంచి 'వెసరట్టు' అవుతుంది. ఒక మెట్టు సన్నం చేసి సైజు పెంచండి. వత్తులున్నాయి కదా, లైన్ల మధ్య జాగా ఇంగ్లీషుకు ఇచ్చినదానికంటే ఎక్కువ వదలాలి. ఫోన్ నంబరు, ఈమెయిలు ఉంటే ఒకటి అంకె, చిన్న ఎల్, పెద్ద ఐ ఈ మూడూ పక్కపక్కన పెట్టి చూడండి, ఇలాంటి ఫాంట్లలో కొన్నిసార్లు మూడూ ఒకే నిలువు గీతలా ఉంటాయి.

సైజుకి బోర్డులవాళ్ల మోటు లెక్క ఒకటుంది, 10 అడుగుల దూరానికి 1 అంగుళం ఎత్తు. రోడ్డు అవతలి 60 అడుగుల నుంచి చదవాలంటే 6 అంగుళాలు, తెలుగుకు ఇంకాస్త వేసుకోండి. దీన్ని ఇంట్లోనే పరీక్షించొచ్చు. మా బోర్డు 8 బై 3 అడుగులు, పదో వంతుకు తగ్గిస్తే 9.6 అంగుళాలు, ఏ4 కాగితం మీద అడ్డంగా సరిపోయింది. గోడకు అంటించి 6 అడుగులు వెనక్కి జరిగితే అది రోడ్డు అవతల నిలబడినట్టే. అత్తయ్యతో చదివించాను, కళ్లజోడు తీయించి మరీ.

ధరల పట్టికకు మాత్రం ఇది వద్దు. చిన్న సైజులో ఆ గుండ్రం ఎవరికీ కనపడదు, అక్షరాలు మసకగా తోస్తాయి అంతే. మండలి లాంటి మామూలు ఫాంట్ చాలు.

చివరి మెట్టే నేను తప్పాను. ఫైలు పట్టుకెళ్లి ఫ్లెక్స్ షాపులో ఇచ్చేశాను, వాళ్ల పాత సాఫ్ట్‌వేర్‌లో యూనికోడ్ తెలుగు సరిగా రాక ఇడ్లీ కాస్తా 'ఇడ్‌లీ' అయి అచ్చయిపోయింది, డబ్బులు పోయాయి, బావ రెండ్రోజులు మాట్లాడలేదు. కాబట్టి అక్షరాలన్నీ సెలెక్ట్ చేసి పాత్ మెనూలో 'ఆబ్జెక్ట్ టు పాత్' నొక్కి (అక్షరాలు ఫాంట్ అక్కర్లేని గీతల బొమ్మగా మారిపోతాయి, షాపుల్లో దీన్నే కర్వ్స్ అంటారు) అప్పుడు పీడీఎఫ్ చేయండి. అలా చేశాక స్పెల్లింగ్ దిద్దలేరు, అందుకని అసలు ఫైలు విడిగా దాచుకుని, ప్రింటుకు ముందు వాళ్ల స్క్రీన్ మీద ప్రతి వత్తూ చూసి గానీ అడ్వాన్సు ఇవ్వకండి.