హెచ్‌ఎస్‌ఏ, ఎఫ్‌ఎస్‌ఏ సొమ్ముతో వైద్య ఖర్చులు: సమస్యలు, పరిష్కారాలు

అమెరికాలో ఉద్యోగం చేసే తెలుగువారు ఏటా ఇన్సూరెన్స్ ఎంచుకునేటప్పుడు హెచ్‌ఎస్‌ఏ (హెల్త్ సేవింగ్స్ అకౌంట్), ఎఫ్‌ఎస్‌ఏ (ఫ్లెక్సిబుల్ స్పెండింగ్ అకౌంట్) అనే రెండు ఖాతాల పేర్లు తప్పక వింటారు. రెండింటిలోనూ పన్ను పడని జీతమే జమవుతుంది. అయితే హెచ్‌ఎస్‌ఏ ఖాతాదారు సొంత ఆస్తి కాగా, ఎఫ్‌ఎస్‌ఏ కంపెనీ నడిపే ఏర్పాటు. చిక్కులు ఎక్కువగా ఈ తేడా మరచినప్పుడు, లేదా ఖర్చు ఎవరిదో చూసుకోనప్పుడు వస్తాయి.

సమస్య: ఖాతాకిచ్చిన కార్డు చెల్లలేదు, లేదా చెల్లిన నెల తర్వాత రుజువు పంపమని ఉత్తరం వచ్చింది.

ఏ వస్తువు వైద్యానికి సంబంధించినదో గుర్తించే బిల్లింగ్ ఏర్పాటు లేని దుకాణంలో కార్డును తిరస్కరించడం మామూలే. జనవరిలోనైతే మరో కారణం ఉండవచ్చు: ఎఫ్‌ఎస్‌ఏలో ఏడాది మొత్తం తొలిరోజే అందుబాటులో ఉంటుంది గాని, హెచ్‌ఎస్‌ఏలో అప్పటికి జమైనంతే వాడుకోగలం. సొంత కార్డుతో చెల్లించి, తర్వాత క్లెయిమ్ వేయండి. రుజువు అడిగితే క్రెడిట్ కార్డు చీటీ పనికిరాదు. రోగి పేరు, చికిత్స జరిగిన తేదీ, చేసిన చికిత్స, వైద్యుని పేరు, మొత్తం ఉన్న బిల్లు కావాలి. ఇన్సూరెన్స్ కంపెనీ పంపే ఈఓబీ (ఏ చికిత్సకు ఎంత చెల్లించారో తెలిపే వివరణ పత్రం) ఉంటే అంతకన్నా మేలు.

సమస్య: ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల వైద్యానికి హెచ్‌ఎస్‌ఏ సొమ్ము ఖర్చయింది.

మన ఇళ్లలో తరచుగా జరిగే పొరపాటు ఇదేననిపిస్తుంది, ఎందుకంటే తల్లిదండ్రుల ఖర్చు మన ఖర్చు కాదన్న ఆలోచనే మనకు రాదు. పన్ను చట్టం మాత్రం ఖాతాదారు, జీవిత భాగస్వామి, డిపెండెంట్ల (పన్ను లెక్కన మీపై ఆధారపడినవారి) ఖర్చులనే ఒప్పుకుంటుంది. డిపెండెంట్ అయ్యేవారు అమెరికా పౌరులో, పన్ను లెక్కన అక్కడి నివాసులో, కెనడా లేదా మెక్సికో నివాసులో కావాలి. విజిటర్ వీసాపై కొద్ది నెలలు ఉండి వెళ్లేవారు సాధారణంగా ఈ కోవలోకి రారు, వారి విజిటర్ ఇన్సూరెన్స్ ప్రీమియం కూడా చెల్లదు. గ్రీన్ కార్డు ఉండి, పోషణలో సగానికి మించి మీరే భరిస్తున్న తల్లిదండ్రుల సంగతి వేరు.

అర్హత ఉందని నిజంగా పొరబడి తీసినట్లయితే, ఖాతా నిర్వహించే సంస్థ అంగీకరిస్తే, ఆ పొరపాటు తెలిసిన ఏడాది తర్వాతి ఏప్రిల్ 15 లోపు సొమ్ము తిరిగి జమచేయవచ్చు. అది కుదరకపోతే పన్ను రిటర్నుతో ఇచ్చే హెచ్‌ఎస్‌ఏ ఫారం 8889లో చూపి ఆదాయపు పన్ను, 65 ఏళ్లు నిండనివారు అదనంగా 20 శాతం కట్టాలి.

సమస్య: సెలవుల్లో హైదరాబాదులో పంటికి రూట్ కెనాల్ చేయించుకున్నారు, క్లెయిమ్ చెల్లుతుందా?

చికిత్స మీదే అయితే చెల్లుతుంది. విదేశంలో జరిగిందన్నది అడ్డంకి కాదు. మందులతోనే పేచీ: రెండు దేశాల్లోనూ చట్టబద్ధమైన మందును అక్కడే కొని అక్కడే వాడితే సరే, కాని సూట్‌కేసులో తెచ్చుకున్న మందులు సాధారణంగా లెక్కలోకి రావు. రోగి పేరున్న బిల్లు తీసుకుని, చెల్లించిన రోజు డాలరు విలువ దానిపైనే రాసి పెట్టుకోండి. ఖాతా తెరిచాక అయిన ఖర్చయితే హెచ్‌ఎస్‌ఏ నుంచి ఎన్నేళ్ల తర్వాతైనా రాబట్టుకోవచ్చు.

సమస్య: హెచ్‌ఎస్‌ఏలో జమ చేసే అర్హతే లేదని పన్ను రిటర్ను వేసేటప్పుడు తెలిసింది.

భార్యాభర్తలిద్దరూ ఉద్యోగులైన ఇళ్లలో ముందు చూడవలసింది రెండోవారి ఎఫ్‌ఎస్‌ఏనే. అది మామూలు ఎఫ్‌ఎస్‌ఏ అయితే మీ ఖర్చులకూ వర్తిస్తుంది కనుక, మీరు హెచ్‌ఎస్‌ఏకు కావలసిన అధిక డిడక్టిబుల్ ప్లాన్‌లో (ఇన్సూరెన్స్ చెల్లించే ముందు ఎక్కువ మొత్తం మీరే పెట్టుకోవలసినది) ఉన్నా హెచ్‌ఎస్‌ఏలో జమ చేయరాదు. రిటర్ను గడువులోపు అదనపు జమను, దానిపై వచ్చిన రాబడితో సహా వెనక్కి తీసుకోవాలి. దీనిని మామూలు విత్‌డ్రాయల్‌గా కాక అదనపు జమ తొలగింపుగా కోరాలి. వదిలేస్తే ఏటా 6 శాతం సుంకం పడుతుంది. వచ్చే ఏడాదికి రెండోవారు దంతాలు, కళ్లకే పరిమితమైన ఎఫ్‌ఎస్‌ఏ ఎంచుకుంటే, కుటుంబ ప్లాన్‌కు ఉన్న పరిమితి (2026లో 8,750 డాలర్లు) వరకు మీరు జమ చేసుకోవచ్చు.

సమస్య: డిసెంబరు వచ్చినా ఎఫ్‌ఎస్‌ఏలో సొమ్ము మిగిలింది.

కొన్ని కంపెనీలు కొంత మొత్తాన్ని మరుసటి ఏడాదికి పోనిస్తాయి (2026 నుంచి 2027కు గరిష్ఠం 680 డాలర్లు), కొన్ని రెండున్నర నెలల అదనపు గడువిస్తాయి, కొన్ని రెండూ ఇవ్వవు. మీ ప్లాన్ పత్రం చూసి, అవసరమైన కళ్లద్దాలకో, 2020 నుంచి డాక్టరు చీటీ లేకుండానే అనుమతించిన జ్వరం మాత్రలకో వాడండి. ఉద్యోగం మానేస్తుంటే చివరి రోజు లోపే చికిత్స పూర్తిచేసుకోండి.