పన్ను పీకించాక దవడ మీద గట్టి గడ్డా? యాక్టినోమైకోసిస్‌ అనుమానం ఉంటే ఏం చేయాలి

పన్ను పీకించాక వాపు రెండు మూడు రోజులు పెరిగి వారానికల్లా దిగిపోవాలి. అలా కాకుండా కొన్ని వారాలకో, నెలలకో దవడ మూలన పెద్దగా నొప్పి లేని గడ్డ మొదలై, చెక్కలా గట్టిపడి, పైచర్మం ఊదారంగుకు తిరిగి, చిల్లుపడి చీము కారుతుంటే యాక్టినోమైకోసిస్‌ను అనుమానించాలి. అరుదైన జబ్బే. అందరి నోట్లో మామూలుగా ఉండే యాక్టినోమైసిస్ బ్యాక్టీరియా, పన్ను తీసిన గాయంలోంచి లోపలికి దిగడం వల్ల వస్తుంది. ఒకరి నుంచి ఒకరికి అంటదు. షుగర్ అదుపులో లేనివాళ్లకు, దవడకు రేడియేషన్ తీసుకున్నవాళ్లకు ముప్పు ఎక్కువ.

మెడికల్ షాపులో ఐదు రోజుల యాంటీబయాటిక్ కొని మింగడమే అసలు చేటు. వాపు కాస్త తగ్గి మళ్లీ వస్తుంది, ఆ తర్వాత చీము కల్చర్‌కు (ల్యాబ్‌లో బ్యాక్టీరియాను పెంచి చూసే పరీక్షకు) పంపినా బ్యాక్టీరియా పెరగకపోవచ్చు. పంటినొప్పికి తరచూ వాడే మెట్రోనిడజోల్ ఒక్కటే అయితే దీని మీద పనిచేయదు. కాబట్టి ముందు పరీక్ష, తర్వాత మందు.

బెంగళూరులో విక్టోరియా ఆసుపత్రి ఆవరణలోని ప్రభుత్వ డెంటల్ కాలేజీ లాంటిచోట ఓరల్ సర్జన్‌కు చూపించండి. పన్ను తీసిన తేదీ, ఎక్స్‌రే, వాడిన మాత్రల పట్టీలు తీసుకెళ్లండి. గడ్డను పిసకొద్దు. చీము కారుతుంటే రాత్రి శుభ్రమైన గాజ్ గుడ్డ (గాయాలకు కట్టే పలుచని గుడ్డ) వేసి ఉంచండి. ఉదయం దాని మీద ఆవగింజ కంటే చిన్నవి, పసుపు రంగు పలుకులు కనిపిస్తే ఆ గుడ్డను డాక్టరుకు చూపించండి, అది బలమైన ఆధారం.

దూదిపుల్లతో తీసిన చీము చాలదు. సిరంజితో లాగిన చీము గానీ, గడ్డలోంచి తీసిన ముక్క గానీ కావాలి. ముక్కను రెండుగా చేసి, ఒకటి ఫార్మలిన్‌లో (ముక్క చెడకుండా ఉంచే ద్రవంలో) బయాప్సీకి, రెండోది ఫార్మలిన్ తగలకుండా, గాలి సోకకుండా కల్చర్‌కు వెంటనే పంపాలి. యాక్టినోమైసిస్ అనుమానమని చీటీలో రాయించండి. రాయకపోతే ల్యాబ్‌వాళ్లు కల్చర్‌ను త్వరగా ముగించేస్తారు, దీనికి కనీసం 14 రోజులు ఉంచాలి. టీబీ, క్యాన్సర్ కూడా ఇలాగే కనిపిస్తాయి కాబట్టి బయాప్సీ మానొద్దు.

జబ్బు ముదిరితే రోజుకు 1.8 నుంచి 2.4 కోట్ల యూనిట్ల పెన్సిలిన్ జి రక్తనాళంలోకి 2 నుంచి 6 వారాలు, ఆపై అమాక్సిసిలిన్ మాత్రలు 6 నుంచి 12 నెలలు ఇస్తారు. తేలికపాటి జబ్బుకు తక్కువ కాలం సరిపోవచ్చు, అది డాక్టరు తేల్చాలి. గడ్డ చుట్టూ గట్టిపడిన కండలోకి రక్తం సరిగా అందదు, మందూ మెల్లగానే చేరుతుంది. అందుకే వాపు పోయిందని మధ్యలో మాత్రలు ఆపితే మళ్లీ తిరగబెడుతుంది. పెన్సిలిన్ పడనివాళ్లు ముందే చెప్పాలి, డాక్సీసైక్లిన్ లాంటివి ఉన్నాయి.

నోరు తెరుచుకోకపోయినా, మింగలేకపోయినా, నాలుక కింద ఉబ్బినా, ఊపిరి ఆడకపోయినా ఓపీ కోసం ఆగకుండా అప్పటికప్పుడు ఎమర్జెన్సీకి వెళ్లాలి.