ఏంజెల్ చేప పిల్లల్ని బతికించుకోవడం

మగా ఆడా చూసి జంట కొందామని తిరగకండి, పైకి తేడా తెలియదు. అరడజను పిల్లల్ని కలిపి పెంచితే జత అవే కుదుర్చుకుంటాయి. ప్లంబింగ్ పైపు ముక్క నిలబెడితే గుడ్లు దానికే అంటిస్తాయి. పెద్దవి గుడ్లు మింగేస్తుంటే పైపుతో సహా అదే నీళ్లున్న వేరే ట్యాంకులోకి మార్చి, పక్కన గాలి బుడగలు వదిలే ఎయిర్ స్టోన్ పెడతాను. తెల్లబడిన గుడ్డు పోయినట్టే.

28 డిగ్రీల్లో రెండు మూడు రోజులకు పిల్లలు బయటికొచ్చి, తోకలాడిస్తూ పైపుకే వేలాడతాయి. పొట్టకింద సొన ఉంటుంది, అప్పుడే మేత వేయొద్దు. ఈదడం మొదలెట్టాకే అప్పటికప్పుడు పొదిగించిన ఆర్టీమియా (ఉప్పునీటిలో బతికే రొయ్యల్లాంటి బుల్లి జీవులు), ఉప్పునీరు కడిగేసి, రోజుకు మూడు నాలుగుసార్లు. పొట్టలు నారింజరంగులో ఉబ్బితే తిన్నట్టు లెక్క. ఉడికించిన గుడ్డుసొన వేయమంటారు కొందరు; నేను వేయను, నీళ్లు కంపు కొడతాయి. ఫిల్టర్ మాత్రం స్పాంజ్‌దే పెట్టండి, మిగతావి పిల్లల్ని లాగేస్తాయి.